కొరియర్ సంచికి ఆశీలు

ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు నన్ను లేపి నిలబెట్టి, "వీడికి కూడిక వస్తే నేను ఉద్యోగం మానేస్తాను" అన్నారు. పాపం, పిల్లలున్న మనిషి. ఆయన ఉద్యోగం పోకూడదని నేనే బడి మానేశాను. ఇరవయ్యేళ్ళ తర్వాత ఆ కూడిక రాకపోవడం వల్లే మా ఆవిడ మెడలో గొలుసు, ఊరి సంత, రెండూ పోయాయి. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నేను మాత్రం నవ్వను, ఇంట్లో ఉన్నాను.

మా ఊరు కోటబొమ్మాళికి అవతల, సముద్రానికి ఇవతల. ప్రతి గురువారం సంత. సంతలో బుట్ట దింపిన ప్రతివాళ్ళూ కట్టే రుసుమే ఆశీలు. దాన్ని వసూలు చేసుకునే హక్కును పంచాయతీ ఏటేటా వేలం వేస్తుంది. ఆ పాట డబ్బుతోనే వీధి దీపాలు వెలిగేవి, కుళాయిలు విప్పే అప్పన్నకి జీతం వచ్చేది. మా ఆవిడ పైడమ్మ ఆ సంతలోనే ఎండుచేపలు అమ్మేది.

నేనా? ఊళ్ళో అందరికంటే ముందు పెద్ద సెల్లు కొన్న మొనగాణ్ణి. జీఎస్టీ అనే మాట ఇంకా మా దాకా రాని రోజులు. చీరలు, చెప్పులు, కుక్కర్లు, ఎవరికేం కావాలన్నా నా సెల్లులోంచి, నా పేరునే తెప్పించేవాణ్ణి. "సంతకంటే సవక! పన్నూ గిన్నూ ఏటీ నేదు!" అని ఊరంతా చాటేవాణ్ణి. కమీషనేం లేదండీ, పొగడ్తే. "బావా, నీ బుర్రే బుర్ర" అంటే చాలు, సెల్లులో ఇంకో కుక్కరు నొక్కేసేవాణ్ణి.

ఆ ఏడు వేలంలో, పదేళ్ళుగా ఆశీలు పాడుతున్న సిమ్మాద్రి మావ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి జడిశాడనుకున్నాను.

"పాడవేటి మావా?"

"నీలాటి తెలివైనోళ్ళు పాడాల్రా. మాకేటి తెలస్తాది?"

పాడేశాను. పోటీకి ఎవరూ లేరు. అయినా ఊపులో నా పాట మీద నేనే పెంచి మరోసారి పాడాను. కార్యదర్శిగారు మూడోసారి పిలవకుండానే రసీదు రాసేశారు.

పాట సొమ్ముకి పైడమ్మ గొలుసు అడిగాను. "అది మాయమ్మ సేపలమ్మి సేయించింది మావా" అంది.

"మూడు నెలల్లో రెండు పేటలది సేయిస్తానే!"

తీసిచ్చింది. అమ్మేశాను.

మొదటి గురువారం చీటీల పుస్తకం చంకన పెట్టుకుని కలెక్టరులా సంతలో దిగాను. విజయనగరం నుంచి వచ్చే బట్టల మూటలవాళ్ళు లేరు. గిన్నెల బండి లేదు. చెప్పులు పరిచే చోట కుక్క పడుకుని ఉంది. దాని దగ్గర ఆశీలు ఎలా వసూలు చేయాలో నాకు తోచలేదు.

"వీళ్ళంతా ఏటయ్యారే?" అని గాజుల ముసలమ్మని అడిగాను.

"నీ సెల్లులోకి ఎల్లిపోనారు బాబూ. వచ్చీవారం నానూ రాను."

అంతలో శ్రీకాకుళం నుంచి కొరియర్ అతను బండి మీద పెద్ద నల్ల సంచితో వచ్చాడు. జనమంతా ఒకచోట దొరుకుతారని, పార్సిళ్ళు సంతలోనే పంచమని అతనికి చెప్పింది నేనే. సంచి చూడగానే నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పోతుంది.

"ఆగు! సంతలో మూట దింపినావు. ఆశీలు కట్టు."

"నేను అమ్మట్లేదన్నా, ఇస్తున్నాను."

"లోపల సీరలున్నాయా, నేదా?"

"ఉన్నాయి."

"సంతలోకి వచ్చినాయా, నేదా?"

"వచ్చాయి."

"మరింకేటి! బిల్లులో పన్ను ఏ ఊరికి పోతాదో నాకనవసరం. మా ఊరి పన్ను మా ఊరికి కట్టు!"

జనం మూగారు. ఆ ఒక్క మాటకి నన్ను అసెంబ్లీకి పంపొచ్చు అనిపించింది. సంచి పట్టుకుని లాగాను. కొరియర్ అతను కోప్పడలేదు. జాబితా తీసి తాపీగా చదివాడు. మొదటి పార్సిలు నా పేరు. రెండోది నా పేరు. పదకొండూ నా పేరే.

"సరుకు మీది, సంత మీది. ఎవరు ఎవరికి కట్టాలో మీరే తేల్చుకోండన్నా."

"సీటీలు సింపుకోరా! పదకొండు!" అని వెనకనుంచి సిమ్మాద్రి మావ కేక. సంత గొల్లుమంది. నవ్వినవాళ్ళలో సగం మంది ఆ పార్సిళ్ళవాళ్ళే. నవ్వుతూనే పట్టుకుపోయారు.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సంత వారం వారం చిక్కిపోయింది. మరుసటి ఏడు ఆశీలు పాటకి ఒక్కడూ రాలేదు. జీతం ఆగిన అప్పన్న పని వెతుక్కుంటూ చెన్నై పోయాడు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చింది, తర్వాత అదీ లేదు. వీధి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పైడమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, రైలెక్కి ఆమదాలవలస పోవడం మొదలుపెట్టింది. అక్కడ తనకంటూ జాగా లేదు. ఒక అరుగు మీంచి లేపేస్తే ఇంకో అరుగు. మోకాళ్ళు వాచి ఇంటికొచ్చేది.

ఒకరోజు ఆ మోకాళ్ళకి నూనె రాస్తూ, సెల్లు ఎత్తి పట్టుకుని ప్రమాణం చేశాను. "సముద్రం మీద ఒట్టు, నీ ఎండుసేపల మీద ఒట్టు. ఇకమీద ఇందులో గుండుసూది కూడా కొనను. నీ గొలుసొక్కటీ కొనిచ్చి మానేస్తానే!"

పైడమ్మ ఖాళీ బుట్ట గోడవారగా బోర్లించింది.

"గొలుసొద్దు మావా. నాను కూకుని సేపలమ్ముకోడానికి ఇంత సోటు కావాల. అది నీ సెల్లులో అమ్ముతారేటో సూడు."