విజిలమ్మ తోటలో ఎండిన పాదు

బస్సు కండక్టరు ఉద్యోగం దిగిపోయినా ఆవిడ నోట్లోంచి విజిలు మాత్రం దిగలేదు. అందుకే మా వీధికి ఆవిడ విజిలమ్మ. డిపో వెనుక టైర్లూ గాజుపెంకులూ పోసే జాగాను వీధివాళ్ళ చేత బాగుచేయించి తోట చేసింది. దిగులు జబ్బుతో తలుపులేసుకుని కూర్చున్న పిల్లలు సాయంత్రాలు అక్కడికి వస్తారు. మనిషికొక పాదు. ఎందుకలా ఉన్నావని ఎవరూ అడగరాదు. ఎండిపోతున్నా సరే, ఒకరి పాదులో మరొకరు చెయ్యి పెట్టరాదు. అది ఆవిడ చట్టం.

నా మనవరాలూ వెళ్ళేది. ఒకపక్క డాక్టరు మాత్రలు, ఒకపక్క టమాటా మొక్కలు. తల దువ్వుకోవడం కూడా మానేసిన పిల్ల గోళ్ళనిండా మట్టితో ఇంటికొస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. "బద్ధకం, అంతే" అన్న చుట్టాల నోట్లో ఆ మట్టే కొట్టాలనిపించేది.

ఉన్నట్టుండి పిల్ల మళ్ళీ మంచం పట్టింది. దాని తల్లి, నా కూతురే, చాటుగా వెళ్ళి పాదుకి నీళ్ళు పోసి, కలుపు తీసి వచ్చింది. కొన్నాళ్ళకు పిల్ల ఎలాగో లేచి వెళ్ళింది. తడిమట్టి చూసి వెనక్కి వచ్చేసింది.

"నేను లేకపోయినా అన్నీ జరిగిపోతాయి అమ్మమ్మా," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడే విజిలమ్మ ఊడిపడింది.

"ఎవరే పాదు ముట్టుకుంది?"

"నేనే అక్కా. ఎండిపోతుంటే చూడలేక..."

"చూడలేకపోతే కళ్ళు మూసుకో! దానికున్న ఒక్క పనీ లాగేసుకున్నావు కదే. రేపు దాని అన్నం కూడా నువ్వే తింటావా?"

"కన్నతల్లిని కాదా?"

"కన్నతల్లివైనా టికెట్టు లేకుండా ఎక్కితే దింపేస్తాను!"

నా గుమ్మంలో నా కూతుర్ని తిడితే ఊరుకునే రకం కాదు నేను. ఆ రోజు ఊరుకున్నాను. నేను తిట్టవలసినవే ఆవిడ తిట్టింది.

ఆ తర్వాత పాదులో ఎవరూ చెయ్యి పెట్టలేదు. వీధంతా విజిలమ్మను రాతిగుండె అంది. నేను రోజూ వెళ్ళి చూసొచ్చి, మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆకులు వాలాయి. ఒక మొక్క పోయింది. ఇంకోటి పోయేలా ఉంది.

ఒక సాయంత్రం పిల్ల దిగ్గున లేచింది. చెప్పులైనా వేసుకోకుండా తోటకు నడిచింది. వెనకే మేమిద్దరం.

"ఇంతమంది ఉండి గుక్కెడు నీళ్ళు పొయ్యలేరా!" అని విజిలమ్మ మీద విరుచుకుపడింది.

"నీ మొక్కలకి నన్నడుగుతావేమే?"

పిల్ల పళ్ళు కొరుకుతూ నీళ్ళగొట్టం ఈడ్చుకొచ్చింది. సాయం పట్టబోయిన తల్లిని గేటు దగ్గరే ఆపేసింది.

"లోపలికి రాకమ్మా. ఇది నా పాదు."

కోపంలో అచ్చం నా పోలికే.