అక్షరాలు మాత్రమే

మా వదిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "గేటు దగ్గర కాపలా" అంటాను. అన్నయ్యకు ఒళ్ళు మండుతుంది కానీ, నేను చెప్పేది అబద్ధం కాదు. వెబ్‌సైటు ఫారంలో మనం రాసినదాన్ని లోపలికి రానివ్వాలో వద్దో తేల్చే సూత్రాలు రాస్తుంది. రెగెక్స్ అంటారట. ఫోన్ నంబరులో పొరపాటున అక్షరం దూరిందా, వెంటనే ఎర్రగా చీవాట్లు. ఆఫీసులో ఆమె పేరే గేటు మేడం.

ఇంట్లోనూ అంతే. డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే నావైపు ఒక చూపు చూస్తుంది. దానికంటే తిట్టినా బాగుండు.

అమ్మకు చదువు చెప్పింది కూడా వదినే. బడి మొహం చూడని మనిషిని అరవై దాటాక వంటగది బల్ల దగ్గర కూర్చోబెట్టి, పలక, వల, పడవ అంటూ గుణింతం లేని మాటలతో మొదలుపెట్టింది. సొంత పేరు దగ్గరికొచ్చేసరికి అమ్మకు చెమటలు పట్టాయి. అందులో దీర్ఘం ఉంది, వత్తు ఉంది, సున్నా ఉంది. "దీర్ఘం మింగేశారు అత్తయ్యా, కూర్చోండి, మళ్ళీ రాయండి" అని వదిన ఎన్నిసార్లు దిద్దించిందో! అమ్మ విసుక్కుంటూనే రాసేది.

వీధి చివరి గ్రంథాలయంలో పెద్దవాళ్ళంతా కలిసి పుస్తకం చదువుకుంటారని తెలిసి అమ్మ ముచ్చటపడింది. తనంతట తాను ఒకచోట చేరతాననడం అదే మొదలు. పేర్లు ఆ సాయంత్రం దాకానే తీసుకుంటారు. ఫారం నేను నింపుతానంటే ససేమిరా అంది. కళ్ళజోడు సర్దుకుని, ఫోన్‌లో తన పేరు తనే టైపు చేసింది.

ఎర్రగా వచ్చింది: "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి."

అమ్మ కూడబలుక్కుని చదివింది. మళ్ళీ టైపు చేసింది. మళ్ళీ అదే.

"నేను రాసినవి అక్షరాలే కావటే," అంది. ఫోన్ బోర్లా పెట్టేసి, "పోనీలే, ఈ వయసులో నాకెందుకు" అంటూ బట్టలు మడతపెట్టడానికి వెళ్ళిపోయింది.

వదిన వచ్చీ రాగానే ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. తెర మీది ఎర్రమాట చదివింది. "అయ్యో, ఇది నేను చేసిన ఫారమే!"

కంప్యూటరుకు 'క' అక్షరమట. దానికి చేర్చే దీర్ఘం, వత్తు, సున్నా మాత్రం అక్షరాలు కావట, విడి గుర్తులట. వాటినీ రానివ్వమని సూత్రంలో చెప్పాలి, వదిన చెప్పలేదు. మన లిపిలో పేరు రాసే ఫారం ఆమెకిదే మొదటిది మరి. ఏ మాటలతో పరీక్షించావని అడిగాను.

"పలక, వల, పడవ," అంది తల దించుకుని.

చెప్పులైనా విప్పకుండా లాప్‌టాప్ తెరిచి సరిచేసింది. అమ్మ మాత్రం రానంటే రానంది.

"తప్పు మీది కాదత్తయ్యా, నాది. గుణింతం నేనే మింగేశాను."

అమ్మ చేతిలో తువ్వాలు ఆగింది. "నువ్వా?" అని నవ్వేసింది. "అయితే కూర్చో, మళ్ళీ రాయి."

తువ్వాలు పక్కనపెట్టి వచ్చి కూర్చుని అమ్మే మళ్ళీ టైపు చేసింది. ఈసారి పేరు లోపలికి వెళ్ళింది. మేమిద్దరం చప్పట్లు కొడుతున్నా అమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"ఆ ఎర్రమాట కూడా మార్చవే. నాలాంటిది ఇంకొకతె చదివితే తనకే రాదనుకుంటుంది."

"ఏమని రాయమంటారు?"

అమ్మ ఒక్కో మాటా చెప్పింది. వదిన టైపు చేసింది: "మీ పేరు మాకు చదవడం రాలేదు. మరోసారి రాసి చూపిస్తారా?"

"ఏదీ, ఇలా చూపించు," అని అమ్మ తెర తనవైపు తిప్పుకుని గుణింతాలు సరిచూసింది.