రాకెట్టుకు నాలుగు మోకులు

మా ఊళ్లో ఏది నిలబెట్టాలన్నా త్రికోటేశ్వరరావును పిలిచేవారు. అందరికీ ఆయన కోటయ్య. పెళ్లి పందిరి, గడ్డివాము మధ్య గుంజ, నాటకం వాళ్ల తెర, ఏదైనా ఆయన చెయ్యి పడితే నిటారుగా నిలిచేది. శివరాత్రికి ఊరి ప్రభ కట్టేదీ ఆయనే. వెదురు బొంగులతో చట్రం కట్టి, రంగు కాగితాలు అంటించి, గంటలు వేలాడదీసి, బండి మీద నిలిపి కోటప్పకొండకు తోలుకుపోతారు. అది ఒరగకుండా మనుషులు చుట్టూ మోకులు పట్టుకుని నడుస్తారు.

1985లో అది ఒరిగింది. కాలువ వంతెన దిగుతుండగా మెల్లగా, తొందరేమీ లేనట్టు, మిరపచేలో పడుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక వస్తున్న పక్క ఊరి ప్రభవాళ్లు ఆగారు. చెప్పులు విడిచి, పడుకున్న దానికి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఆ దణ్ణాన్ని ఊరు మరిచిపోలేకపోయింది.

"వచ్చే ఏడు ఇంకెవరినన్నా చూద్దాంలే కోటయ్యా," అన్నాడు ప్రెసిడెంటు మల్లికార్జునరావు. కోపంగా అనలేదు. అందుకే కోటయ్యకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఆయన ఊళ్లో తిరుగుతూ, నిలబడి ఉన్న ప్రతిదాని ముందూ ఆగేవాడు. కరెంటు స్తంభాన్ని ఒక కన్ను మూసి చూసేవాడు.

"ఏందయ్యా, దాన్ని పెళ్లిచూపులు చూస్తున్నావా?" అనేది భార్య బసవమ్మ.

"వాలింది."

"వాలితే వాలింది. నువ్వు కట్టింది కాదుగా."

ఆ మాట ఓదార్పు అనుకుంది ఆమె.

మరుసటి జనవరిలో మా హైస్కూల్లో సైన్సు పోటీలు పెట్టారు. చుట్టుపక్కల బడులన్నీ వస్తాయి. నీళ్ల సీసాతో రాకెట్టు చేయాలి. ప్లాస్టిక్ సీసాలో కొంచెం నీళ్లు పోసి, మూతికి రబ్బరు బిరడా బిగించి, తలకిందులుగా నిలబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టాలి. గాలి ఎక్కువైతే బిరడా ఊడుతుంది. నీళ్లు కిందికి, సీసా పైకి. సైన్సు టీచరు అనసూయ గుంటూరు నుంచి కొత్తగా వచ్చింది. సీసా కొన్నది. బిరడాకు సైకిలు షాపు మన్సూర్ వాల్వు అమర్చాడు. ఇక దాన్ని నిలబెట్టాలి. ఎవరో కోటయ్య పేరు చెప్పారు.

"బాబాయ్ గారూ, ఇది నిటారుగా ఉండాలి. వెదురుతో ఏదైనా కట్టిస్తారా?"

"ఎంత ఎత్తు?"

"యాభై అడుగులు దాటితే ఫస్టు మనదే."

కోటయ్య చాలాసేపు ఆకాశం వైపు చూశాడు.

"యాభైకి బొంగులు దొరకవమ్మా. ముప్పై కడతా. ప్రెసిడెంటు గారొస్తారా?"

"ఆయనే ముఖ్య అతిథి."

సీసా ఎగరవలసిన ఎత్తు గురించి ఆమె చెప్పింది. కట్టవలసిన ఎత్తు గురించి ఆయన విన్నాడు. ఎత్తు అంటే ఆయనకు తెలిసింది అదొక్కటే.

అనసూయ వారం పాటు గుంటూరు శిక్షణకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి బడి ఆవరణలో ముప్పై అడుగుల చట్రం లేచి ఉంది. పసుపు కాగితం, ఎర్ర కాగితం, అద్దం ముక్కలు, గంటలు. ప్రభలో దేవుడి పటం ఉండేచోట, మనిషి ఎత్తున, సీసాను బోర్లించి కొబ్బరితాడుతో బిగించాడు. నాలుగు మూలలా నాలుగు మోకులు.

"ఏంటండీ ఇది?"

"రాకెట్టమ్మా."

"తాళ్లెందుకు?"

"వదిలేస్తే పడిపోదూ?"

"ఎగరాల్సినదాన్ని కట్టేస్తారా ఎవరైనా?"

కోటయ్య ఆమెను జాలిగా చూశాడు. "ముందు నిలబడాలిగా తల్లీ. నిలబడంది ఏదీ పైకి పోదు."

ఆమె తలపట్టుకుని అరుగు మీద కూర్చుంది. పోటీ మర్నాడే. చివరకు సీసాకు కట్టిన తాడు మాత్రం విప్పించి, దాన్ని రెండు బొంగుల మధ్య ఊరికే ఆనించి నిలబెట్టించింది. విప్పుతున్నప్పుడు కోటయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పోటీ రోజు ఈదురుగాలి. మిగతా బడుల సీసాలు ఇటుకల మధ్య నుంచి లేచాయి. ఒకటి బడి పైకప్పు దాటింది. మా వంతు వచ్చింది. కోటయ్య చెప్పులు విడిచి రాకెట్టు ముందు కొబ్బరికాయ కొట్టాడు. మూడు మోకులు ముగ్గురికిచ్చి, నాలుగోది తన నడుముకు చుట్టుకున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన అధికారి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇందులో రాకెట్టు ఎక్కడుంది?"

"లోపల సార్," అంది అనసూయ.

"కొట్టరా మన్సూరూ," అన్నాడు కోటయ్య.

"కొడుతున్నా బాబాయ్. ఇది లారీ టైరుకన్నా మొండిగా ఉంది."

బిరడా ఊడింది. నీళ్లన్నీ మన్సూర్ మొహాన కొట్టాయి. సీసా చట్రం లోపలే పైకి లేచి, గంటలన్నిటినీ ఒక్కసారి మోగించి, అడ్డ బొంగుకు గుద్దుకుని, మళ్లీ మన్సూర్ నెత్తినే పడింది. అదే క్షణాన గాలి విసురు వచ్చింది. కాగితాలు పటపటలాడాయి. ముగ్గురూ వెనక్కి వాలి మోకులు లాగారు. కోటయ్య మడమలు మట్టిలో దిగబడ్డాయి.

చట్రం కదల్లేదు.

"ఎగరలేదు," అన్నాడు అధికారి. అనసూయ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మల్లికార్జునరావు కుర్చీలోంచి లేచాడు. చట్రం చుట్టూ నడిచాడు. ఒక మూల భుజం ఆనించి తోశాడు. ఇంకో మూల అరచేత్తో చరిచాడు. తల ఎత్తి, ఒక కన్ను మూసి, కొన దాకా చూశాడు.

"ఇంత గాలికీ కదల్లేదేందిరా!"

"కదలదండీ."

"వంతెన దిగేటప్పుడో?"

"కింద బరువు పెంచా. బండి ఇరుసు వెడల్పు చేస్తే ఒరగదు."

"బొంగులు నేను తెప్పిస్తా, ఇంకో ఇరవై అడుగులు లేపు. శివరాత్రికి ఇదే పోద్ది. నువ్వే కట్టు."

జనం ఈలలు వేశారు. ఎవరో డప్పుకు పరుగెత్తారు. బసవమ్మ ఆడవాళ్లలోంచి అరిచింది: "ఇంక ఆ కరెంటు స్తంభాన్ని వదిలెయ్యవయ్యా!"

"మరి మన రాకెట్టు సంగతి?" అంది అనసూయ. ఆ ప్రశ్న ఎవరికీ వినపడలేదు.

అధికారి జీపు బయటికి పోయే దారికి కోటయ్య మోకు అడ్డంగా ఉంది. డ్రైవరు హారను కొట్టాడు.

"ఆ తాడు కాస్త వదలవయ్యా. మేం పోవాలి," అన్నాడు అధికారి.

"వదల్ను సార్."

"పోటీ అయిపోయింది కదా!"

"మీకు అయిపోయింది."

కోటయ్య మోకును ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. జీపు కాసేపు ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి, బడి వెనక దున్నిన చేలోంచి ఎగిరెగిరి పడుతూ రోడ్డెక్కింది.