బావకు తొడిగిన బూట్లు

పరాయివాళ్ల కాళ్లకు బూట్లు తొడగడం నా ఉద్యోగం. ఊళ్లో చెబితే నవ్వుతారని చాలాకాలం "బైకుల కంపెనీ" అని మాత్రమే చెప్పుకున్నాను. దుబాయ్ నుంచి హత్తా వెళ్లే దారి పక్కన, ఇసుక దిబ్బల మధ్య, బైకులు అద్దెకిచ్చే క్యాంపు మాది. వచ్చిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, వాళ్ల ముందు మోకాళ్ల మీద వంగి, బూటు తొడిగి, నాలుగు క్లిప్పులు బిగించి పంపాలి. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చాక బూట్లలోంచి ఇసుక దులిపి, చెమట వాసన పోయేదాకా తుడిచి, వరసగా పెట్టాలి.

ఇసుక బూట్లంటే మామూలు బూట్లు కావు. మోకాలి కిందిదాకా ఉంటాయి. మోకాలి కింద ముందువైపు గట్టి ప్లాస్టిక్ పలకలు, మడమ మెలిక పడకుండా పక్కల బిగింపు, అడుగున చెక్కలా వంగని సోలు. దిబ్బల మీద బండిని కూర్చుని నడపరు, ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడుపుతారు. బండి మీద పడ్డా కాలు విరగకూడదు. అందుకే అంత గట్టిదనం. తొడుక్కున్న మొదటి ఐదు నిమిషాలు ఎంత పెద్ద దొరైనా బాతులా నడుస్తాడు. మూతి ముడుచుకుని "ఇవేం బూట్లయ్యా" అని గొణుగుతాడు. నేను రోజూ వినే మాటే కాబట్టి నవ్వి ఊరుకుంటాను.

మా బావ, అంటే మా అక్క మొగుడు, దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో నా గదిలోనే కింది మంచం మీద ఉండేవాడు. కరోనా తర్వాత బిల్డింగు పని మానేసి డెలివరీ బండి ఎక్కాడు. అంతకుముందు పదిహేనేళ్లు ఇనుప కడ్డీలు కట్టాడు. ఆ పదిహేనేళ్లూ కంపెనీ బస్సులో కునికిపాట్లు పడుతూ పోవడం, కునికిపాట్లు పడుతూ రావడం. బండి వచ్చాకే దుబాయ్ చూశానని చెప్పేవాడు. ఏ టవర్ వాచ్‌మన్ మంచోడు, ఏ లిఫ్ట్ పనిచేయదు, ఎక్కడ చాయ్ చిక్కగా ఉంటుంది, అన్నీ నోటికి చెప్పేవాడు. ఆ బండి మీద ఉన్నప్పుడు బావ వయసు పదేళ్లు తగ్గేది. కాళ్లకు మాత్రం రంగు వెలిసిన కాన్వాస్ బూట్లు వేసుకునేవాడు.

అక్క ఫోన్ చేసినప్పుడల్లా నన్ను పట్టుకునేది. "తమ్మీ, నువ్వు అందరికీ బూట్లు తొడుగుతవంట గదా. మీ బావకు మాత్రం బూట్లుండయా?"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. క్యాంపులో ఒక జత ఇసుక బూట్లకు క్లిప్పు విరిగితే పక్కన పడేశారు. మా ముదీర్, అంటే మేనేజరు, మలయాళీ, మంచివాడు. అడిగితే "లే జా, ఖలాస్" అన్నాడు, ఇక అవి పనికిరావు తీసుకుపొమ్మని. నేను విరిగిన క్లిప్పు బదులు బెల్టు కుట్టి, కొత్తవాటిలా తుడిచి తెచ్చి బావ ముందు పెట్టాను. ఎడారిలో కాలును కాపాడే బూటు రోడ్డు మీద ఇంకా బాగా కాపాడుతుందని నా తెలివి. అన్నేళ్లు బూట్లు తొడిగానే తప్ప, రోడ్డు మీద బండి నడపడం నాకు రాదు. లైసెన్సే లేదు.

బావ రెండు రోజులు అవే వేసుకుని తిరిగాడు. నాకు సెలవున్న రోజు పొద్దున కిందికి దిగేసరికి పార్కింగులో బండి తుడుస్తున్నాడు.

"ఎట్లున్నయ్ బావా?"

"మంచిగున్నయ్. ఏం తేడా లేదు."

ఆ మాట నాకు నచ్చలేదు. ఇసుక బూట్లు తొడుక్కుని తేడా లేదన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నా మనసు నొప్పించలేక అంటున్నాడేమో అనుకుని, ఆ బూట్లు నేనే వేసుకుని, నిలబెట్టిన బండి మీద కూర్చున్నాను. ఎడమ కాలు గేరు కిందికి సరిగా దూరలేదు. మా క్యాంపు బండ్లకు ఆ మందానికి తగ్గట్టు గేరు రాడ్డును పైకి సర్దుతారు, ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. కుడికాలితో బ్రేకు తొక్కితే, తొక్కానో లేదో కాలికి తెలియలేదు. నా చేతులతో నేనే బావను ప్రమాదంలోకి తోశాను కదా అనిపించింది. అప్పటికప్పుడు ఆ బూట్లు విప్పేసి, మళ్లీ వేసుకోవద్దన్నాను.

ఆ మధ్యాహ్నమే పాత సామాన్ల కొట్టుకు పోయి రోడ్డు బూట్లు తెచ్చాను. నల్ల తోలువి, చీలమండ పైదాకా వస్తాయి. పక్కన జిప్పు, మడమకీ వేళ్లకీ లోపల మెత్తలు, వంగే రబ్బరు సోలు. తడి రోడ్డు మీద జారవు. మెట్లెక్కొచ్చు. వాటిలోంచి బ్రేకు ఎంత తొక్కుతున్నామో పాదానికి తెలుస్తూ ఉంటుందని కొట్టతను ఓపికగా చెప్పాడు. ఎడారి బూటు కాలును బయటి నుంచి మూసేస్తుంది, రోడ్డు బూటు కాలును కాపాడుతూనే తెరిచి ఉంచుతుంది. ఇంత చిన్న సంగతి నాకు ముందే ఎందుకు తట్టలేదో!

గదిలో బావను మంచం మీద కూర్చోబెట్టి కింద కూర్చున్నాను. పాదం పట్టుకోబోతే లాక్కున్నాడు.

"ఏయ్, నువ్వు నా కాళ్లు పట్టుడేందిరా?"

"పెళ్లిల మావాళ్లతోని కాళ్లు కడిగించుకున్నప్పుడు సిగ్గు రాలేదా? చెంబుతోని నీళ్లు పోసింది నేనే. ఇటియ్యి."

నవ్వుతూ కాలు ఇచ్చాడు. రెండు బూట్లూ తొడిగి జిప్పులు లాగాను. లేచి తలుపుదాకా నడిచాడు, వంటగదిదాకా పోయి తిరిగొచ్చాడు. "అచ్చం నా కాలుకే కుట్టినట్టున్నయ్" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అక్కకు ఫోన్ చేసి చూపిద్దామనుకుంటూ కుడి బూటు విప్పాను.

బూటు ముందు భాగంలోంచి కాగితం ముద్ద రాలింది. బూటు ఆకారం పోకుండా కొట్టువాళ్లు లోపల కుక్కుతారు కదా, అది. తీయడం మరిచిపోయాను. నిమ్మకాయంత ముద్ద, బావ వేళ్ల కింద నలిగి గట్టిపడి ఉంది. దాని మీదే నడిచాడు.

"ఇది తగల్లేదా బావా?"

"మెత్తగుందనుకున్న" అన్నాడు. నవ్వడానికి చూశాడు. నేను నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు.

నేను మేజోడు లాగేశాను. బొటనవేలి కింద చర్మం గీసుకుపోయి నెత్తురు చెమ్మగా ఉంది. దాన్ని వేలితో అదిమాను. బావ పాదం కదల్లేదు, ముఖం కూడా మారలేదు.

"ఎన్నాళ్లాయె?"

"పోయిన ఎండకాలం కాంచి. షుగర్ అన్నరు. గోలీలు మింగుతనే ఉన్న."

"మరి బ్రేకు మీద కాలుందో లేదో ఎట్ల తెలుస్తది నీకు?"

"వంగి చూసుకుంట. బండి ఆగితె తెలుస్తది."

"సిగ్నల్ కాడ వంగి చూసుకుంటందుకు టైముంటదా? ఎవని పిల్లగాడన్న అడ్డమొస్తె?"

అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. కోపం వస్తే ఏడుపు రావడం నాకు చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, దెబ్బ నాకే తగిలినట్టు నన్నే ఊరడించాడు.

"మీ అక్కకు చెప్పకు తమ్మీ. కంపెనీకి తెలిస్తె బండి తీసుకుంటరు. బండి లేకుంటె మల్ల నేను బస్సుల కూసుంటనా?"

బండి ఆయనకు ఏమిటో నాకు తెలుసు. అయినా తాళం చెవి తీసి నా జేబులో వేసుకున్నాను. ఆయన కంటే పన్నెండేళ్లు చిన్నవాణ్ణి, ఆయన ముందు ఎప్పుడూ గొంతు పెంచనివాణ్ణి. ఆ రోజు బావ నన్ను చూసిన చూపు ఇప్పటికీ బాధపెడుతుంది.

మర్నాడు క్లినిక్‌లో డాక్టరమ్మ సన్నటి దారంలాంటి దానితో బావ అరికాళ్లను అక్కడక్కడా తాకింది. కళ్లు మూసుకుని, తెలిసినప్పుడల్లా చెప్పమంది. బావ చాలాసేపు ఏమీ చెప్పలేదు. బండి నడపొద్దని, చెప్పుల్లేకుండా నడవొద్దని, రోజూ అరికాళ్లు చూసుకోవాలని, చిన్న పుండైనా వెంటనే రమ్మని ఆమె హిందీలో నెమ్మదిగా చెప్పింది. బావ మంచి విద్యార్థిలా తల ఊపి, బయటికొచ్చాక లిఫ్టు ఎక్కకుండా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

డెలివరీ కంపెనీవాళ్లు గోదాములో సరుకులు సర్దే పని ఇచ్చారు. వెళ్లడం రావడం బస్సులోనే. నెల రోజులు బావ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను వండితే తినేవాడు, తను వండితే నాకు పెట్టేవాడు, అంతే. తోలు బూట్లను పక్క గది డెలివరీ అతనికి ఇచ్చేశాను. ఇచ్చే ముందు వాటిని ఒకసారి తుడిచింది బావే.

అక్కకు ఎవరు చెబుతారన్న మాట మా ఇద్దరి మధ్యా నానుతూ ఉండిపోయింది. నేను చెప్పలేదు. ఆయన చేత చెప్పించాలని పట్టుబట్టలేదు కూడా.

ఒక శుక్రవారం క్యాంపు నుంచి కాస్త ముందుగా వచ్చాను. తలుపు ఓరగా ఉంది. బావ మంచం మీద కూర్చుని, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, కాలు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఫోన్‌లో అక్క ముఖం, కళ్లు చికిలించి చూస్తోంది.

"జర కిటికి దిక్కు తిప్పు. ఆ వేలు సందుల ఏందది ఎర్రగ?"

"ఏంలేదే. నాకైతే ఏం తెలుస్తలేదు."

"నీకు తెల్వకుంటె ఏమాయె, నాకు కనవడుతుంది గదా."

బావ కాలు ఇంకొంచెం వెలుతురుకు తిప్పాడు.