కౌన్సెలర్ ముందు ఫౌజీ వంటవాడు

పద్నాలుగు వేల అడుగుల ఎత్తున, మంచు పోస్టులో ఆర్మీ వంటవాడిగా దిగిన రోజు నా కాళ్లు వణికాయి. చలి అని చెప్పుకున్నాను. రిటైరయ్యాక, కామారెడ్డిలో కౌన్సెలర్ గది ముందు మళ్లీ వణికాయి. మార్చి ఎండ. ఏ అబద్ధమూ దొరకలేదు.

సమయం పదకొండు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఫ్యాను. సావధాన్‌లో నిలబడి పేరు, నంబరు చెప్పాను. ఎనిమిదో తరగతితో బడి మానేశానని కూడా, అడగకుండానే.

"కూసోండ్రి అన్నా. కూసోబుద్ధి కాకుంటే తిరుగుండ్రి," అంది కౌన్సెలర్ మేడం. "ఇక్కడ చెప్పింది బయటికి పోదు. ఎవరి ప్రాణానికైనా అపాయముంటేనే చెప్తం."

తిరిగాను. తలుపు నుంచి కిటికీకి ఆరడుగులు. తిడతారనో, మాత్రలిస్తారనో అనుకున్నాను. ఆమె నిద్ర గురించి అడిగింది, ఆకలి గురించి అడిగింది. తర్వాత, "ఎందుకొచ్చిన్రు?"

"మా ఆమె ఆర్డరు మేడం. రాకుంటే బిడ్డను తీస్కొని బీర్కూర్ పోతదట, తల్లిగారింటికి."

నా బిడ్డకు తొమ్మిదేళ్లు. తల నొస్తోందంటే చాలు, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి ఆస్పత్రికి ఎత్తుకొస్తాను. నెలలో నాలుగుసార్లు. డాక్టరు ఏమీ లేదన్నా పది రోజులుగా బడికి పంపలేదు.

"తలనొప్పంటే గంత భయమెందుకు?"

మూడు జోకులు వేశాను. మొదటిదానికి నవ్వింది. తర్వాత పెన్ను మూసి నా వైపు తిరిగింది. ఇక చెప్పేశాను.

పోస్టులో మా రేడియో ఆపరేటర్. ఉదయం ఆరున్నరకు వంట బంకర్‌కి వచ్చాడు.

"భయ్యా, తల పగిలిపోతోంది. చాయ్ పొయ్యి."

"డ్యూటీ ఎగ్గొట్టే నాటకమా? నొయ్యడానికి నీకు తల ఉంటే కదా!" అన్నాను నేను.

బంకరంతా నవ్వింది. వాడూ నవ్వాడు. మగ్గు పట్టుకుని రేడియో సెట్ దగ్గరికి పోయాడు. నొప్పి సంగతి మళ్లీ ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదికి పడిపోయాడు. మబ్బు. హెలికాప్టర్ ఒంటిగంట దాకా రాలేదు. వాడు బతకలేదు. ఆ ఎత్తుకు మెదడు వాచిందని, తలనొప్పే దానికి మొదటి గుర్తని తర్వాత డాక్టరు చెప్పాడు.

సెట్ పక్కన వాడి మగ్గు. సగం తాగిన చాయ్, దాని మీద మంచు పొర. ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ పొరే.

నా తప్పని మేడం అనలేదు, కాదనీ అనలేదు. నీళ్లిచ్చింది. ఏడవనిచ్చింది.

"బిడ్డ తల నొస్తుందంటే ముందుగాల ఎత్తుకొని ఉరుకకుండ్రి. పక్కన కూసోండ్రి. ఎక్కడ నొస్తుందో అడుగుండ్రి, వినుండ్రి. మంగళారం మళ్ల రాండ్రి."

నాలుగింటికి ఎల్లారెడ్డిలో బస్సు దిగాను. ఇంటికెళ్లగానే బిడ్డ యూనిఫాం ఇస్త్రీ చేశాను, రేపటి బడికి.

మా ఆమె గడపలో నిలబడి చూస్తోంది.

"గంటసేపు ఏడ్చిన. ఊర్ల ఎవ్వలకు చెప్పకు," అన్నాను.

"గంటనేనా? గిన్నేండ్లు నీ వంతు నేను ఏడ్చిన. ఇగ నీ డ్యూటీ నువ్వు చేస్కో!"