సారంగపాణి లప్పం

సోమవారం పొద్దున సారంగపాణి పని ముట్టుకోకుండానే నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాడు. నాలుగోసారి అతని భార్య శోభారాణి వచ్చి నల్లా కట్టేసింది.

"ఇంక కడిగితే తోలూడొస్తది. చేతులకు ఏమన్న కనవడ్తాందా?"

"ఏం కనవడ్తలేదు. అదే సమజైతలేదు."

కనపడనిది సీసం. మనవరాలు మహితకు పదహారు నెలలు. రెండు నెలలుగా తిండి సరిగా తినదు, మొహం పాలిపోయింది, ఊరికే కడుపు పట్టుకుని ఏడుస్తుంది. హనుమకొండలో పిల్లల డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. రక్తంలో సీసం ఐదు కూడా దాటకూడదట. మహితకు పద్నాలుగు వచ్చింది. ఇంట్లో పాత పెయింటు ఏమన్నా ఉందా అని డాక్టరమ్మ అడిగితే సారంగపాణి కూతురు శ్రీలతకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. మట్టెవాడలోని ఆ ఇంట్లో పాత పెయింటు లేని వస్తువు వెతకాలి.

సారంగపాణిది పాత సామాన్లు కొని బాగుచేసే పని. ములుగు వైపు పాత ఇళ్లు కూలగొడుతున్నారని తెలిస్తే జీపు మాట్లాడుకుని పోతాడు. అల్మారలు, కుర్చీలు, మంచాలు, పిల్లలను పడుకోబెట్టే తొట్టెలలు తెస్తాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పెయింటు గీకి, పగుళ్లు పూడ్చి, పాలిష్ పట్టి అమ్ముతాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. శ్రీలత బ్యాంకుకు పోతూ పొద్దున పిల్లను ఇక్కడ వదిలి, సాయంత్రం తీసుకుపోయేది. రిపోర్టు వచ్చిన రోజు ఆమె గొంతు పెంచలేదు.

"బాపూ, అది ఎక్కడికెల్లి వస్తాందో తెలిసేదాక పిల్లను ఈడికి తీసుకరాను."

అరిస్తే అతనూ ఏదో ఒకటి అనేవాడు. మెల్లగా చెప్పేసరికి పిల్ల బట్టల సంచి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

సీసమంటే అతనికి తెలిసింది వలలకు కట్టే గుండ్లు. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. అలాంటిది పెయింటులో ఎట్లా కరిగింది, అందులోంచి పిల్ల రక్తంలోకి ఎట్లా పోయింది? అంత చెడ్డదైతే ఇన్నేళ్లు గీకిన తనకేమీ కాలేదేం? ఈ చివరి ప్రశ్న డాక్టరమ్మనే అడిగాడు.

"మీకేమీ కాలేదని ఎవరు చెప్పారు?" అందామె. అతనికి కూడా పరీక్ష రాసింది. ఆ కాగితం ఇంకా చొక్కా జేబులోనే ఉంది.

పాత పెయింటు గీకితే దుమ్ము లేస్తుంది, గీకకపోతే పెచ్చులూడతాయి, రెండూ ప్రమాదమేనని కూడా ఆమె చెప్పింది. మరి చేయాల్సిందేమిటో అతనికి అర్థం కాలేదు. ఇంతలో ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. హైదరాబాద్ కాఫీ షాపులకు పాత సామాన్లు కొనిపెట్టే దళారి అతను.

"అన్నా, ఆ నీలం అల్మార గీకినవా?"

"ఇంక లేదు."

"గీకకు. వాళ్లకు ఆ పెచ్చులే కావాలె. మొన్న ఒకాయన కొత్త బీరువా చేయించి, పాతదాని లెక్క కనవడాలెనని గొలుసులతోని కొట్టిచ్చిండు."

"అండ్ల సీసముంటదట, ఓంప్రకాశ్."

"ఉండనియ్యి. కాఫీ తాగెటోళ్లు అల్మారను చూస్తరు గని నాకుతరా?"

సారంగపాణి ఫోన్ పెట్టేశాడు.

బుధవారం శ్రీలత ఆన్‌లైన్‌లో తెప్పించిన పరీక్ష పుల్లలు వచ్చాయి. తడిపి వస్తువు మీద రుద్దితే, సీసం ఉన్నచోట పుల్ల కొస ఎర్రబడుతుంది. మొత్తం ఎనిమిది. శ్రీలత బ్యాంకుకు సెలవు పెట్టి, పిల్లను అత్తగారి దగ్గర వదిలి వచ్చింది.

మొదటి పుల్ల వాకిట్లో ఆకుపచ్చ బెంచీకి. మహిత రోజంతా దాని చుట్టే తిరిగేది, అందరికీ దాని మీదే అనుమానం. పుల్ల తెల్లగానే ఉంది. కిటికీ చువ్వలు, తెల్లగా. తలుపు, తెల్లగా. ఇంటి నుంచి షెడ్డుకు పోయే గడప, అదీ తెల్లగానే. షెడ్డులో నీలం అల్మార మీద రుద్దగానే మిరపపండులా ఎర్రబడింది. అయితే షెడ్డుకు తాళం ఉంటుంది. పిల్ల ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. సారంగపాణి పని దిగాక స్నానం చేసి, బట్టలు మార్చుకోనిదే ఆమెను ఎత్తుకోలేదు. ఆ బట్టల మీద రుద్దిన ఆరో పుల్ల కూడా రంగు మారలేదు.

"ఉండాల్సినకాడ లేదు, ఉన్నా ఫికర్ లేనికాడ ఉంది," అన్నాడు. "ఈ పుల్లలు మంచియేనా బిడ్డా?"

"అల్మారకాడ పనిచేసింది గద బాపూ."

శోభారాణి ఇంట్లో తొట్టెల ముందు నిలబడి ఉంది. "దీనికి సుత పెట్టున్రి."

"దానికి పెయింటే లేదు. చెక్క కనవడేదాక నేనే గీకిన," అన్నాడు సారంగపాణి. నిజమే. మనవరాలు పుట్టగానే పాలంపేట నుంచి తెచ్చిన పాత టేకు తొట్టెల అది. నెల రోజులు కూర్చుని బాగుచేశాడు. అంత శ్రద్ధగా అతను ఏ సామానూ చేయలేదు.

"మరి పిల్ల దీన్నే కొరికేది. జర చూడు, పండ్ల గుర్తులు."

పై పట్టీ మీద నాలుగైదు చోట్ల పాలిష్ లేచిపోయి ఉంది. ఏడో పుల్ల చెక్క మీద రుద్దారు. తెల్లగానే ఉంది. సారంగపాణికి గుండె కాస్త కుదుటపడింది. ఎనిమిదోది శ్రీలత ఆ పట్టీలోనే, పగులు పూడ్చిన చోట రుద్దింది. ఎర్రబడింది.

"బాపూ, ఇండ్ల ఏం నింపినవ్?"

అతను వంగి ఆ పగులు మీద వేలు పెట్టి చూశాడు.

సారంగపాణి వాళ్లు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లు. తండ్రి నూలు ముక్క ఒక్కటి పారేసేవాడు కాదు. రంగు రంగుకు వేరే సంచి. పోగు తెగితే అదే రంగు ముక్కతో అతికేవాడు, అతుకు ఎక్కడుందో కొన్నవాడికి దొరికేది కాదు. మగ్గాలు పోయాక కొడుకు చెక్క పనిలోకి వచ్చినా ఆ అలవాటు పోలేదు. గీకిన పెయింటు పొడిని బట్టలో జల్లెడ పట్టి, రంగుల వారీగా డబ్బాల్లో దాచాడు. పగులు పూడ్చే లప్పం అందరూ రంపపు పొట్టు, జిగురు కలిపి చేస్తారు. ఆరాక మచ్చలా కనిపిస్తుంది. సారంగపాణి అందులో, పాత సామాన్లకు రంగు కింద పూసిన ఎర్ర అడుగు కోటు గీకిన పొడి చిటికెడు వేస్తాడు. అచ్చం టేకు రంగు వస్తుంది. పాణి పూడ్చిన పగులు కనిపెట్టినవాడు లేడని బజారులో పేరు. ఆ లప్పం ఎట్లా చేస్తాడో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పాడు. శ్రీలత మొత్తం విని, తొట్టెల ఫోటో తీసి డాక్టరమ్మకు పంపింది. దాన్ని పిల్లకు దూరంగా పెట్టమని, నెల తర్వాత మళ్లీ రక్తం తీస్తానని ఆమె జవాబిచ్చింది.

"అంటే ఇదొక్కటేనా? ఇంకేమన్న ఉన్నదా?" అడిగింది శ్రీలత.

"తెల్వదు బిడ్డా. ఇది గూడ తెల్వకనే చేసిన."

మర్నాడు పంతొమ్మిది డబ్బాలు మూటగట్టి చెత్త బండి దగ్గరికి తెచ్చాడు. బండి మీది ఆమె తడి చెత్తా పొడి చెత్తా అని అడిగింది. పొడే, కాని విషమన్నాడు. విషానికి బండిలో డబ్బా లేదని ఆమె ముందుకు పోయింది. మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే ఇద్దరు ఇంకో ఇద్దరి నంబర్లు ఇచ్చారు. డబ్బాలు మళ్లీ షెడ్డులోకే చేరాయి, తాళం పడింది.

ఆ మధ్యాహ్నం అతను అన్నం ముందు కూర్చుని తినలేదు. అల్మారలను, మంచాలను ఎవరూ కొరకరు. అవి పక్కన పెట్టి, వేళ్ల మీద తొట్టెలలు లెక్కపెట్టాడు. అతను మర్చిపోయినవి రెండు శోభారాణి గుర్తుచేసింది. ఆ లప్పంతో బాగుచేసి అమ్మినవి మొత్తం పదకొండు. కొన్నవాళ్లకు చెబుదామంటే ఫోన్ నంబర్లు ఉన్నవి నాలుగు.