గేటు లోపలి తాళాలు

కోవిడ్ తర్వాతి ఏడాది చలికాలంలో నాకు ఆ డ్యూటీ పడింది. అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక రాష్ట్ర ప్రభుత్వంలో నేను సీనియర్ కంప్లయన్స్ ఆఫీసర్‌ని. ఉద్యోగాలు నిలబెడతామని మాట ఇచ్చిన ఫ్యాక్టరీలకు ప్రభుత్వం పన్ను రాయితీ ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకున్నారో లేదో ఏటా వెళ్లి కళ్లారా చూసి రిపోర్టు రాయడం నా పని. కంపెనీ సొంత పర్మనెంట్ ఉద్యోగులే లెక్కలోకి వస్తారు. ఏజెన్సీ నుంచి తెచ్చుకున్నవాళ్లు రారు.

ఆసారి వెళ్లాల్సింది కారు సీట్ల ఫ్రేములు చేసే ప్లాంటుకు. జీతాల ఒప్పందం కుదరక యాజమాన్యం లాకౌట్ ప్రకటించింది. పాతవాళ్లను గేటు బయట నిలబెట్టి, కొత్తవాళ్లతో లైన్లు నడిపిస్తోంది. బయట నిలబడ్డవాళ్లలో విక్టోరియా ఒకతె. బాపట్ల అమ్మాయి. మా తెలుగు చర్చిలో నా పక్క కుర్చీ ఆమెదే. భర్తకు డయాలసిస్ జరుగుతోంది. లాకౌట్‌తో కంపెనీ ఇచ్చే వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఆగిపోయింది. రాయితీ వస్తున్నంతకాలం కంపెనీకి రాజీ తొందర ఉండదని అందరికీ తెలుసు. ఈ పరిచయం సంగతి మా డైరెక్టర్‌కు ముందే చెప్పాను. వెళ్లడానికి ఇంకెవరూ లేరు, కేసు గురించి మాత్రం ఆమెతో మాట్లాడకు, అన్నాడాయన. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గేటు ముందు పనివాళ్లు కట్టే నిరసన వరసను పికెట్ లైన్ అంటారు. ఇక్కడి యూనియన్ మనుషులకు అది లక్ష్మణరేఖ. దాన్ని దాటి లోపలికి వెళ్లినవాళ్లు ఎవరైనా సరే, కంపెనీ మనుషులే. గేటు ముందు వాళ్లు అడ్డంగా నడుస్తుంటే కారు ఆపాను. విక్టోరియా అద్దం దగ్గరికి వచ్చింది.

"అక్కా, నువ్వు కూడా లోపలికెళ్తన్నావా?"

"డ్యూటీ అమ్మా. చూడకుండా ఎట్లా రాస్తాను?"

"మా ఆయన ఇన్సూరెన్స్ కట్ చేశారని తెలిసి కూడానా! ఈ లైన్ క్రాస్ చేశాక నా మొహం ఎట్లా చూస్తావో నేనూ చూస్తాలే."

అని పక్కకు తప్పుకుంది. నేను కారు లోపలికి పోనిచ్చాను.

లోపల ప్లాంట్ మేనేజర్ ఏ ఎండకా గొడుగు పట్టే రకం. అన్ని లైన్లూ తిరుగుతున్నాయనీ, ఈ కొత్తవాళ్లందరినీ పర్మనెంట్‌గా తీసుకున్నామనీ చెప్పాడు. ఎవరి తల మీద చూసినా కంపెనీ టోపీయే. కాదనడానికి నా దగ్గర ఏముంది?

ఏ ప్లాంటుకు వెళ్లినా లాకర్ రూమ్ చూడకుండా రాకపోవడం నా అలవాటు. ఈ ప్లాంటులో ప్రొబేషన్ పూర్తయి పర్మనెంట్ అయ్యాకే లాకర్ ఇస్తారు. తాళం ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు. ఆ గదిలో ప్రతి లాకర్‌కూ తాళం వేసి ఉంది, అన్నీ దుమ్ము పట్టిన పాతవాళ్ల తాళాలే. ఒకదాని మీద, క్రిస్మస్‌కి మా చర్చిలో నేనే పంచిన నక్షత్రం స్టిక్కర్ ఉంది. కొత్తవాళ్ల లంచ్ సంచులు మాత్రం గోడవారగా నేల మీద వరసగా పడున్నాయి.

పర్మనెంట్ చేశామన్నారు కదా, మరి వీళ్ల లాకర్లేవీ అని అడిగాను. మేనేజర్ మాట మార్చబోయాడు, నేను మళ్లీ అదే అడిగాను. ఈ గొడవ తేలేదాకా వాళ్లు ఏజెన్సీ మనుషులేనని చివరికి ఒప్పుకున్నాడు.

ఉద్యోగాలు నిలబెట్టలేదనీ, ఉద్యోగులు గేటు బయట ఉన్నారనీ రిపోర్టు రాశాను. రాయితీ ఆగింది. అది ఆగగానే యాజమాన్యం చర్చలకు దిగి వచ్చింది. ఒప్పందం కుదిరింది. విక్టోరియా పనిలో చేరింది, భర్తకు ఇన్సూరెన్స్ మళ్లీ వచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో ఆమె నా పక్కన కాకుండా వెనక వరసలో కూర్చుంది. నేనే వెళ్లి పలకరించాను.

"నీ రిపోర్ట్ మంచే చేసింది అక్కా, కాదన్ను. కానీ లైన్ దాటావుగా," అంది.

బాధ పడ్డాను, దాచడమెందుకు? ఆ తర్వాత చాలా ఆదివారాలు నా పక్క కుర్చీలో నా హ్యాండ్‌బ్యాగే కూర్చుంది. చూడాల్సింది గేటు లోపల ఉన్నప్పుడు గేటు దాటక తప్పదు. దాటినవాళ్లకు బయటివాళ్లు కృతజ్ఞత చెప్పాలని మాత్రం ఏ రూలూ లేదు.